అలకపాన్పు రేజరు

ఆ రోజుల్లో మగవాడి గడ్డానికి ఒక అర్థం ఉండేది. ఇప్పుడంటే ఆఫీసులకెళ్ళే కుర్రాళ్ళు కూడా నిక్షేపంగా గడ్డాలు పెంచి, నూనెలు రాసి, దువ్వుకుని మరీ తిరుగుతున్నారు. ఎందుకని ఎవరూ అడగరు. తొంభైల్లో మా రాజమండ్రిలో అలా కాదు. నాలుగు రోజులు గీయకపోతే వీధిలోవాళ్ళు కారణం వెతకడం మొదలుపెట్టేవారు. కార్తీకం దగ్గరపడితే అయ్యప్ప మాలేమో అనుకునేవారు. ఇంట్లో ఎవరైనా పోయారేమోనని వాకబు చేసేవారు. తిరుపతి మొక్కేమోనని సరిపెట్టుకునేవారు. పెళ్ళికానివాడైతే ప్రేమ వ్యవహారం ఏదో బెడిసికొట్టిందని జాలిపడేవారు. ఇవేవీ కాకుండా, పెళ్ళయినవాడు, అందులోనూ మాలాంటి ఆచారాల ఇంటివాడు గడ్డం పెంచాడంటే మిగిలేది ఒక్కటే: వాళ్ళావిడ నెల తప్పింది. (కడుపుతో ఉన్న ఇల్లాలి భర్త క్షౌరం చేయించుకోకూడదని మా వైపు పట్టింపు. శాస్త్రంలో ఏ నెల నుంచని రాశారో నాకు తెలియదు గాని, మా వీధి మాత్రం మొదటి వారం నుంచే పట్టించుకునేది.) గడ్డానికి ఇన్ని కారణాలు ఊహించగలిగిన ఆ పెద్దమనుషులు, పాపం వాడికి గీసుకోవడం చేతకాదేమో అన్న ఒక్క కారణాన్ని మాత్రం ఊహించలేకపోయారు. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క కారణం గురించే.

అప్పట్లో నేను దానవాయిపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. మాది కోనసీమలో ఒక చిన్న ఊరు. నేను పదో తరగతిలో ఉండగా నాన్న పోయారు. అందువల్ల నాకు గడ్డం మొలిచేవేళకి ఇంట్లో గడ్డం గీసుకునే మగమనిషి లేడు. మొదటిసారి ఊళ్ళో సెలూన్ కుర్చీలో కూర్చున్నాను, తరవాత కాలేజీ చదువు పొడుగునా కూర్చున్నాను, ఉద్యోగం వచ్చాక కూడా వారానికి రెండుసార్లు వెళ్ళి కూర్చుంటూనే ఉన్నాను. కళ్ళు మూసుకుని మెడ వెనక్కి వాల్చేస్తే చాలు, మిగతాదంతా సెలూన్‌వాడే చూసుకునేవాడు. ఇరవై ఆరేళ్ళు వచ్చినా నా మొహం మీద నా చేత్తో కత్తి పెట్టి ఎరగను. దానికి నేనేమీ సిగ్గుపడలేదు కూడా, పెళ్ళయ్యేదాకా.

మా అత్తవారిది ధవళేశ్వరం. మావగారు కాలవల శాఖలో ఉద్యోగి. మనిషి సన్నగా, పొడుగ్గా, ఆనకట్ట దగ్గర నీటిమట్టం కొలిచే స్కేలులా నిటారుగా ఉండేవారు. పెళ్ళిరోజు పొద్దున్నే విడిది కిటికీలోంచి చూస్తే, ఆయన పెరట్లో కిటికీ ఊచకి చేతి అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటున్నారు. ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి. వంటవాళ్ళు అరుస్తున్నారు, మేళంవాళ్ళు కాఫీలింకా రాలేదంటున్నారు, ఎవరిదో పిల్ల ఏడుస్తోంది. ఆయన మాత్రం బుగ్గ మీద నురగ పట్టించి, వెండిలా మెరిసే ఒక పొట్టి రేజరుతో, తొందరపడకుండా, ఎక్కడా ఆగకుండా ఐదు నిమిషాల్లో ముగించి, పటిక రుద్దుకుని, తువ్వాలు దులుపుకుని లోపలికెళ్ళిపోయారు. నాన్న కూడా పొద్దున్నే ఇలాగే పెరట్లో నిలబడేవారన్న సంగతి నాకు చాలా ఏళ్ళ తరవాత ఆ నిమిషంలో గుర్తుకొచ్చింది. కిటికీ దగ్గర్నించి కదలాలనిపించలేదు.

ఆ సాయంత్రం నన్ను అలకపాన్పు ఎక్కించారు. పెళ్ళికొడుకు మంచం మీద మూతి ముడుచుకుని కూర్చోవడం, అత్తవారు వచ్చి ఏం కావాలో అడగడం, కోరింది ఇస్తే అలక తీరడం. అదో ముచ్చట. మా మేనమామ నా చెవిలో “స్కూటర్ అను, స్కూటర్” అని పొడుస్తున్నాడు. నాకేమో అలగడమే చేతకాలేదు. నవ్వు ఆపుకోలేక కిందికి చూస్తున్నాను. మావగారు వచ్చి ఎదురుగా నిలబడి “ఏం కావాలో చెప్పండి అల్లుడుగారూ” అన్నారు. నా నోట్లోంచి వచ్చింది విని నేనే ఆశ్చర్యపోయాను: “మీరు పొద్దున్న వాడారు చూడండీ, అలాంటి రేజరొకటి.” పందిరంతా గొల్లున నవ్వింది. మా మేనమామ లేచి బయటికెళ్ళిపోయాడు. నవ్వనిది మావగారొక్కరే. ఆయన ఒక్క క్షణం నావంక చూసి, “తప్పకుండానండి. అయితే మంచిది చూసి తీసుకోవాలి. తొందరపడకూడదు” అన్నారు.

అన్నట్టుగానే రెండు వారాలు తిరక్కుండా ఒక ఆదివారం వచ్చి నన్ను మెయిన్ రోడ్డులో ఒక పాత ఫ్యాన్సీ షాపుకి తీసుకెళ్ళారు. షాపువాడు టీవీలో చూపించే రెండు బ్లేళ్ళ ప్లాస్టిక్ సరుకు ముందు పెడితే ఆయన దానివైపు కన్నెత్తయినా చూడలేదు. ఇత్తడి మీద నికెల్ పూతపూసిన సేఫ్టీ రేజర్లు ఉన్నవన్నీ దింపించారు. ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకుని, బత్తాయిలు కొనేవాళ్ళలా పైకీ కిందికీ ఎగరేసి బరువు చూశారు. తేలిగ్గా ఉన్నవి పక్కన పెట్టేశారు. కాడ పొడుగున్నవీ పక్కన పెట్టేశారు. కాడ పొడుగైతే చెయ్యి పెత్తనం చేస్తుందన్నారు. మిగిలిన నాలుగింటికీ మరలు తిప్పి, విప్పి, బ్లేడు వేయించి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, రెండు వైపులా అంచు సమానంగా తొంగిచూస్తోందా లేదా అని ఒక కన్ను మూసి చూశారు. ఆ షాపులో గంటసేపున్నాం. షాపువాడు మొదట విసుక్కుని, తరవాత ఆసక్తిపడి, చివరికి తన సొంత గడ్డం గురించి ఆయన్ని సలహా అడిగాడు.

ఎంపిక అయ్యాక మావగారు రేజరుని మూడు ముక్కలుగా విప్పి, పైమూత ఇది, మధ్యలో బ్లేడు, కింద ఈ పళ్ళున్న పలక, దీన్ని ఏ వైపుంచాలంటే అని చెప్పబోయారు. నేను “తెలుసండి” అన్నాను. నురగ ఎలా పట్టించాలంటే అన్నారు. “తెలుసండి” అన్నాను. మొదట్లో ఏటవాలు చూసుకోవాలండీ అన్నారు. ఫిజిక్సు లెక్చరర్ని గదా, దానికి నవ్వు కూడా నవ్వి “తెలుసండి” అన్నాను. పెళ్ళయి పదిహేను రోజులైనా కాని అల్లుడు, షాపువాడి ఎదుట, మావగారితో తనకి గడ్డం గీసుకోవడం రాదని ఎలా చెబుతాడు? (గోదావరి జిల్లాల్లో కొత్తల్లుడికి అన్నీ తెలుస్తాయి. తెలియకపోతే పెళ్ళికి ముందే చెప్పుండాల్సింది.) ఆయన రేజరు మళ్ళీ బిగించేశారు. ఒక బ్రష్షు, గిన్నెలో సబ్బు, పటిక ముక్క, రెండు ప్యాకెట్ల బ్లేళ్ళు కూడా కొని, అన్నీ ఒక పెట్టెలో పెట్టించి, బట్టలు పెట్టినంత మర్యాదగా రెండు చేతులతో నాకిచ్చారు.

పెట్టె తెచ్చి బీరువాలో పెట్టాను. సెలూన్‌కి వెళ్తూనే ఉన్నాను. కాలేజీ నుంచి వచ్చే దారిలో దిగి, పని కానిచ్చుకుని, బుగ్గల మీద పౌడరు తుడుచుకుని ఇంటికొచ్చేవాణ్ణి. మావగారు ఆదివారాలు కూతుర్ని చూడ్డానికి వచ్చి, “ఎలా ఉందండీ రేజరు?” అని అడిగేవారు. “అద్భుతంగా ఉందండి” అనేవాణ్ణి. ఒకసారి ఆయన నా దవడ పరీక్షగా చూసి, “బాగా నున్నగా వస్తోందండి, చెయ్యి కుదిరింది” అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు సెలూన్‌వాడికి చెందవలసింది, నేను ఉంచేసుకున్నాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వినేది. చిన్నప్పటినుంచీ తండ్రి గడ్డం గీసుకోవడం చూస్తూ పెరిగిన పిల్ల. బీరువాలో పెట్టె మీద దుమ్ము పేరుకుంటోందనీ తెలుసు, నేను ఆలస్యంగా పౌడరు వాసనతో ఇంటికొస్తున్నాననీ తెలుసు. అయినా నోరు విప్పి ఒక్క మాట అనలేదు.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆ నెల పుట్టింట్లో ఉండాలి. కొత్తల్లుడు ఆ నెల అత్తవారి గడప తొక్కకూడదు. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం సిటీ బస్సులో అరగంట. ఆ అరగంట దూరం నెల్లాళ్ళు దాటకూడదన్నమాట. బట్టలు సర్దుకుంటూ మా ఆవిడ, బీరువాలోంచి ఆ పెట్టె తీసి తుడిచి నా చేతిలో పెట్టింది. “ఏవండీ, మీకు రాకపోతే రాదని చెప్పేయండి. లేదంటే నేనొచ్చేలోపు నేర్చుకోండి. ప్రతి ఆదివారం మా నాన్నగారి ముందు తలొంచుకుని నిలబడ్డం నావల్ల కావట్లేదు” అంది. కోప్పడి ఉంటే నేనూ కోప్పడేవాణ్ణి. ఆవిడ కోప్పడలేదు. అందుకే ఎలాగైనా సరే నేర్చుకోవాలనుకున్నాను.

ఆవిడ వెళ్ళిన తరవాతి ఆదివారం పొద్దున్న శుభముహూర్తం పెట్టుకున్నాను. బ్రష్షుతో నురగ బ్రహ్మాండంగా వచ్చింది. కళ్ళు తప్ప ఏమీ కనపడనంత పట్టించాను. రేజరు మూడు ముక్కలూ చూసుకుని, మూత మీద బ్లేడు, బ్లేడు మీద పలక, దానికి కాడ బిగించాను. మర గట్టిగా తిరిగింది గనక అంతా సరిగ్గానే ఉందనుకున్నాను. ఆ పలకకి ఒక వైపు వంపు ఉంటుందనీ, ఆ వంపు బ్లేడు వైపు ఉండాలనీ, నేను దాన్ని తిరగేసి పెట్టాననీ నాకు తెలియలేదు. తిన్నగా, కొయ్యలా, రెండు వైపులా నాలుకలు చాపుకుని ఉంది బ్లేడు. అది చాలదన్నట్టు, గడ్డం తెగాలంటే నొక్కాలి గదా అని కొబ్బరి కోరుతున్నట్టు నొక్కిపట్టి లాగాను. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుందనీ, అంచు ఎంత సన్నగా ఉంటే పీడనం అంత ఎక్కువనీ ఏడాదికి నాలుగు సెక్షన్లకి పాఠం చెప్పే మనిషిని. ఆ సూత్రం నా చుబుకం మీద నిరూపణ అయింది. తెల్ల నురగంతా ఎర్రబడింది. అంతటితో ఆగానా అంటే, ఒక వైపు మొదలుపెట్టాక రెండో వైపు వదిలేస్తే బాగుండదని అటు కూడా లాగాను.

సోమవారం మొహం నిండా ప్లాస్టర్లతో పాఠం చెప్పాను. బుధవారానికి గడ్డం కింద గాయం చీము పట్టి వాచింది. వీధి చివర డాక్టరుగారు చూసి, ఇదెవరి నిర్వాకమని అడిగారు. “సెలూన్‌లోనండి” అన్నాను. (అన్నం పెట్టిన చేతిని నరకడమంటే ఇదే. పదేళ్ళుగా నా మొహం మీద గీత పడనివ్వని ఆ వృత్తిని ఒక్క మాటతో అమ్మేశాను.) ఆయన సెలూన్ మార్చమని సలహా ఇచ్చి, మందు రాసి, ఇక మూడు వారాలపాటు ఈ మొహం మీద కత్తి అన్నది పడకూడదని కచ్చితంగా చెప్పారు. గడ్డం పెరగడం మొదలైంది.

మాకు ఇల్లు అద్దెకిచ్చినావిడ మామ్మగారు. ముందు వాటాలో ఆవిడ, వెనక వాటాలో మేమూ. ఆవిడ పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని దేవుడికి వత్తులు చేసుకుంటూ, వచ్చేపోయే వాళ్ళని చూస్తూ ఉండేది. ప్లాస్టర్లు ఊడి గాటు గడ్డంలో దాగిపోయాక, నా గడ్డాన్ని పది రోజులు వరసగా గమనించింది. ఇది అయ్యప్పల కాలం కాదు. ప్రతి ఆదివారం మా ఊరి ఎస్టీడీ బూత్ నుంచి మామ్మగారి ఫోనుకే మాట్లాడుతుంది గనక, మా అమ్మ కులాసాగా ఉందని ఆవిడకి తెలుసు. మొక్కులున్నట్టు నేనెప్పుడూ చెప్పలేదు. పైగా పెళ్ళాం పుట్టింట్లో ఉంది. పదకొండో రోజున ఆవిడ ఒక నిర్ణయానికొచ్చి, పన్నెండో రోజున గిన్నెడు పరమాన్నంతో మా గుమ్మంలోకొచ్చింది. “అమ్మాయికి వేవిళ్ళేమన్నా ఉన్నాయా నాయనా?” అని అడిగింది.

ఇక్కడ నేను చెప్పాల్సింది రెండే మాటలు. అలాంటిదేం లేదు మామ్మగారూ, గీసుకోబోతే కోసుకుంది అంటే సరిపోయేది. కాని ఆవిడ అక్క కొడుకు మా మావగారి ఆఫీసులోనే పనిచేస్తాడు. నేను గీసుకోవడం రాక కోసుకున్నానన్న సంగతి సాయంత్రానికి వీధికీ, మర్నాటికి ధవళేశ్వరానికీ చేరిపోతుంది. “చెయ్యి కుదిరింది” అని నన్ను మెచ్చుకున్న మనిషి చెవిన పడుతుంది. అది తలుచుకుని నోరు తెరవలేక నవ్వి ఊరుకున్నాను. ఆవిడ దాన్ని సిగ్గు అనుకుంది. పరమాన్నంలో జీడిపప్పులు కూడా దండిగా వేసింది. తిన్నాను.

ఆ తరవాత నా బతుకు కొన్నాళ్ళు చాలా సుఖంగా జరిగిందని ఒప్పుకోవాలి. కూరలమ్మే ఆవిడ అడక్కుండానే నాలుగు నిమ్మకాయలు కొసరు వేసేది, అమ్మగారికి పుల్లగా తినాలనుంటుందని. అమ్మగారేమో ధవళేశ్వరంలో ఉంది. నేనే పులిహోర కలుపుకుని తినేవాణ్ణి. కాలేజీలో కెమిస్ట్రీ మాస్టారు నా బదులు ఆదివారం పరీక్షల డ్యూటీ వేయించుకున్నారు. అందరూ నన్ను చూసి మెత్తగా నవ్వేవారు. నేనెక్కడా అబద్ధం చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. చెప్పకపోవడం కూడా చెప్పడమేనన్న సంగతి అమ్మ వచ్చేదాకా తెలిసిరాలేదు.

ఆదివారం ఫోన్లో మామ్మగారు అమ్మకి చెప్పేసింది. మంగళవారం పొద్దున్నే అమ్మ సున్నుండల డబ్బాతో బస్సు దిగింది. ఇంత శుభవార్త పరాయివాళ్ళు చెబితే తెలుసుకోవలసి వచ్చిందని దెబ్బలాడుతుందనుకుని, ఆ దెబ్బలాటలోనే నిజం చెప్పేద్దామని సిద్ధంగా ఉన్నాను. అమ్మ దెబ్బలాడలేదు. గుమ్మంలో నిలబడి నా మొహం చూసి, చెయ్యి చాపి గడ్డం తడిమింది. “నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ నాన్నగారూ ఇలాగే పెంచార్రా. అచ్చం ఆయన్నే చూసినట్టుంది” అంది. కళ్ళు తుడుచుకుంది. నిజం చెప్పడం మానేసి అమ్మ చేతిలో డబ్బా అందుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో ఆలు ఉంది, చూలు లేదు, పేరు మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఖాయమైపోయింది. నాన్న పేరు. అమ్మ సంతోషంగా ఉండడం చూసి పదేళ్ళు దాటిపోయింది. అంత సంతోషానికి ఆధారం నా మొహం మీద నేను చేసుకున్న గాటు. ఆ రోజు నేను పడిన సిగ్గు అంతకు ముందెప్పుడూ పడలేదు.

అమ్మ అంతటితో ఊరుకోలేదు. వియ్యాలవారితో ఒక మాట అనుకుంటే బాగుంటుందని మామ్మగారి ఫోన్లోంచి ధవళేశ్వరంలో వాళ్ళ పక్కింటికి చేసి మా అత్తగారిని పిలిపించింది. నేను వెనక వాటాలో గోడకి చెయ్యానించుకుని నిలబడిపోయాను. కాసేపటికి అమ్మ తిరిగొచ్చింది. “మీ అత్తగారేంట్రా, నాకేం తెలీదండి అంటోంది. దిష్టి తగులుతుందని దాస్తోందేమో, పోన్లే” అంది.

మర్నాడు మొదటి బస్సుకే మావగారు దిగారు. అమ్మ వంటింట్లో ఉంది. ఆయన ముందు గదిలో కూర్చుని, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నాకిచ్చారు. మా ఆవిడ చేతిరాత. “నేను గర్భవతినని మీ అమ్మగారు ఫోన్లో చెప్పగా తెలిసింది. చాలా సంతోషం. వివరాలు మీరు తెలియజేయగలరు.” అంతే ఉంది. నేను తలెత్తలేకపోయాను. ఆయన నా గడ్డం వైపు చూశారు, దాని కింద ఇంకా పూర్తిగా మానని గాటు వైపు చూశారు. తరవాత నెమ్మదిగా, “ఆ రేజరు ఒకసారి పట్టుకురండి” అన్నారు.

తెచ్చాను. మూడు వారాల క్రితం ఎలా ఉందో అలాగే ఉంది, తిరగేసిన పలకతో సహా. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి, షాపులో లాగే ఒక కన్ను మూసి చూశారు. కాలవ గట్టుకి ఎక్కడ గండి పడిందో చూడగానే తెలిసే మనిషికి ఇక చెప్పేదేముంది?

“తెలుసన్నారు గదండీ” అన్నారు.

“తెలీదండి” అన్నాను. “అప్పుడూ తెలీదు. కోసుకున్న ఆ ఒక్కసారి తప్ప ఇంతవరకూ వాడనేలేదండి. మీరు మెచ్చుకుంది సెలూన్‌వాడి పనండి.”

ఆయన రేజరు కిందికి దించారు. “తెలీదనడానికి ఒక్క నిమిషం పడుతుందండి అల్లుడుగారూ. తెలుసన్నందుకు చూశారా, ఎంతమందిని ఎంతదూరం తిప్పారో” అన్నారు. తిట్టినట్టు లేదు, లెక్క సరిచేసినట్టుంది. “అమ్మగారికి మాత్రం మీరే చెప్పాలి. నేను చెబితే బావుండదు. చెప్పాకే గీసుకోవాలి. చెప్పకుండా గీసేస్తే ఆవిడ ఇంకేదో అనుకుని కుంగిపోతారు.”

ఆ ముక్క నాకు అంతవరకూ తట్టనేలేదు. గడ్డం తీసేస్తే పీడా పోతుందనుకుంటున్నాను గాని, తీసేసిన మొహం చూసి అమ్మ ఏమనుకుంటుందో ఆలోచించలేదు. వంటింట్లోకెళ్ళి పీట లాక్కుని కూర్చుని, మొదటినుంచీ చివరిదాకా చెప్పాను. అలకపాన్పు దగ్గర మొదలుపెట్టి పులిహోర కూడా దాచలేదు. అమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. పొయ్యి మీద పులుసు పొంగుతుంటే నేనే లేచి స్టవ్ తగ్గించాను. అప్పుడంది: “ఆరేళ్ళప్పుడు ఈత వచ్చా అని మీ నాన్నగారడిగితే వచ్చని చెప్పి కాలవలో దూకావు. గుర్తుందా? అప్పుడాయన జుట్టు పట్టుకుని బయటికి లాగారు.” ముందు గదిలో కూర్చున్న మావగారి వైపు గుమ్మంలోంచి ఒకసారి చూసింది. “వెళ్ళు. ఆయన్ని ఎంతసేపు కూర్చోబెడతావు. వేణ్ణీళ్ళు నేను పెడతాను” అంది. ఆ డబ్బాలో సున్నుండలు తీసి మావగారికి రెండు పెట్టింది, నాకు పెట్టలేదు.

మామ్మగారికి కూడా అమ్మే చెప్పింది. పది నిమిషాల తరవాత మామ్మగారూ, అమ్మా పెరటి గుమ్మంలో పక్కపక్కనే కూర్చున్నారు, నా మొదటి క్షౌరం చూడ్డానికి. (పుట్టువెంట్రుకల వేడుకకి కూడా ఇంత శ్రద్ధగా చూసి ఉండరు.) మావగారు నూతి గట్టు మీద అద్దం నిలబెట్టి, రేజరు విప్పి, పలక వంపు మీద నా వేలు పెట్టి తడిమించారు. “వంపు బ్లేడు వైపుండాలండి. బ్లేడు దీనిమీద వంగుతుంది. వంగితేనే మన మాట వింటుంది.” పెరిగిన గడ్డాన్ని ముందు కత్తెరతో కురచగా కత్తిరించారు. వేణ్ణీళ్ళ గుడ్డ రెండు నిమిషాలు కప్పించారు. నురగ తక్కువగా, గట్టిగా పట్టించారు. తరవాత రేజరు నా చేతికిచ్చి, తన రెండు వేళ్ళతో నా మణికట్టు తేలిగ్గా పట్టుకున్నారు. బుగ్గ చర్మం రెండో చేత్తో బిగపట్టమన్నారు. వెంట్రుక ఎటు వాలితే అటే, చిన్నచిన్నగా లాగమన్నారు. అలవాటుగా నేను నొక్కబోతే ఆపారు.

“నొక్కకండి. దాని బరువు దానికుంది, అందుకే గంటసేపు చూసి మరీ కొన్నాం. ఆనకట్ట గేటు మనం ఎత్తుతామంతే. నీళ్ళని తొయ్యం గదండీ. మీరు దారి చూపించండి, పని అది చేసుకుంటుంది.”

రేజరు సరసరమని సన్నగా చప్పుడు చేస్తూ దిగింది. నురగ మీద ఒక చార పడి, దాని కింద నా సొంత మొహం కనపడింది. రెండో చార, మూడో చార. ఎక్కడా ఎరుపు లేదు. ఎప్పుడు వదిలారో తెలియదు గాని, కుడి బుగ్గ సగంలో ఉండగా చూసుకుంటే నా మణికట్టు మీద ఆయన వేళ్ళు లేవు. గాయమైన చోటు మాత్రం ఆయనే తీసుకుని, పిల్లాడి మొహం తుడిచినంత మెల్లగా రెండు గీతల్లో కానిచ్చారు. పటిక రాస్తే చురుక్కుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి పటిక వల్లేనని అందరికీ చెప్పాను. మామ్మగారు “మొహం కళకళలాడుతోంది నాయనా” అని, కొంచెం దిగులుగా వత్తుల దగ్గరికి వెళ్ళిపోయింది. పాపం, ఆవిడ పరమాన్నం ఖర్చు ఆవిడది.

శ్రావణం మొదటి రోజున అత్తవారింటికి వెళ్ళాను. స్వయంగా గీసుకుని వెళ్ళాను. మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు ఇస్తూ నా దవడ ఆ వైపూ ఈ వైపూ చూసి, చాలా సీరియస్‌గా, “నాకిప్పుడు ఎన్నో నెలండీ?” అంది. ఆ తరవాత కొన్నేళ్ళపాటు ఆ మాట మా ఇంట్లో అన్నిటికీ పనికొచ్చింది.

మరుసటి ఏడాది మా ఆవిడ నిజంగానే నెల తప్పింది. ఆచారం ప్రకారం రేజరు కడిగి తుడిచి పెట్టెలో పెట్టేశాను. గడ్డం పెరిగింది. వారం గడిచింది, పది రోజులు గడిచాయి, పన్నెండో రోజూ వెళ్ళిపోయింది. కూరలావిడ నిమ్మకాయలు వెయ్యలేదు. కెమిస్ట్రీ మాస్టారు దూది, అయోడిన్ తెచ్చిచ్చారు. అమ్మకి ఫోన్లో చెబితే “ఊఁ” అని, వచ్చి కోడల్ని కళ్ళారా చూసుకుని, డాక్టరమ్మ కాగితం మామ్మగారిచేత చదివించుకుని, అప్పుడు గాని మినప్పప్పు వేయించడం మొదలుపెట్టలేదు. ఆ మామ్మగారు కూడా ఆ కాగితం చదవకముందు రోజూ నన్ను చూసి జాలిగా తల ఊపుతూ ఉండి, చివరికి ఉండబట్టలేక అరుగు మీంచి పిలిచింది. “మళ్ళీ కోసుకున్నావా నాయనా? మీ మావగారికి కబురు పెట్టనా?”

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. మావగారు పోయాక ఆయన రేజరుని మా అత్తగారు నాకే ఇచ్చారు. రెండూ స్నానాలగది గూట్లో ఒకే గ్లాసులో ఉంటాయి. నాదే వాడతాను, ఆయనది అప్పుడప్పుడు విప్పి, తుడిచి, వంపు ఏ వైపుందో చూసి మళ్ళీ బిగిస్తాను. ఇప్పుడు తెల్ల నురగ కింద నుంచి తెల్ల గడ్డమే వస్తోంది. ఎంత గీశానో ఇంకెంత ఉందో అద్దంలో పోల్చుకోవడం కష్టంగా ఉంది. అమ్మ పేరు ఖాయం చేసిన మనవడు పుట్టలేదు, మనవరాలు పుట్టింది. మొన్న ఆ పిల్లే నా ఫోన్లో కరెంటు బిల్లు కట్టడం చూపించబోతూ, “నాన్నా, ఇది ఎలా చెయ్యాలో నీకు తెలుసుగా?” అంది. తెలుసు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నా చెయ్యి దానంతటదే గడ్డం కింద మచ్చ మీదికి వెళ్ళింది.

“తెలీదమ్మా” అన్నాను. “మొదట్నించీ చెప్పు.”